రెండుసార్లు తడితే కూర్చోమని

మా మనవడికి మాటలు రాలేదని ఇంటిల్లిపాదీ దిగులుపడుతున్న రోజుల్లో, నేను మాత్రం వాడితో పొద్దస్తమానం కబుర్లు చెప్పుకుంటూనే ఉన్నాను. వాడి పేరు అభిలాష్. అప్పటికి రెండేళ్ల తొమ్మిది నెలలు. వాడు పలికిన మాటలు లెక్కపెడితే సున్నా. నేను పలికినవి లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేదు.

"మీరు కాస్త ఆపితే కదా అత్తయ్యా, వాడికి సందు దొరికేది" అని మా కోడలు మృదుల ఒకసారి అంది. నేను నొచ్చుకున్నాను. నొచ్చుకుని, ఒక గంటసేపు ఆ విషయమే మాట్లాడాను.

అయినా వాడికి మాటలు రాకపోవడమేమిటి. వాడు మాట్లాడేవాడు. నోటితో కాదు, ఎడమచేత్తో.

చూపుడువేలు చెంప మీద పైనుంచి కిందికి గీస్తే మంచినీళ్లు. మోకాలి మీద తడితే బాత్రూము. గడ్డం గోడవైపు తిప్పి కళ్లు మూసుకుంటే, ఈ ఉప్మా నువ్వే తిను అని. పక్కన పరుపు మీద అరచేత్తో రెండుసార్లు తడితే, ఇలా వచ్చి కూర్చో అని. ఇక అన్నిటికన్నా గొప్పది ఒకటుంది. అరచెయ్యి ఎత్తి, గాలిలో అటూ ఇటూ, నల్లబల్ల తుడిచినట్టు తుడిచేస్తే, చాల్లే ఇక ఆపు అని.

ఆ బల్ల తుడవడంతోనే మీకు తెలిసిపోవాలి, ఈ భాష ఒక మేష్టారిదని. అది మావారిది. ఆయన పేరు పట్టాభి. ఇదివరకు నేను ఆ పేరు పలికేదాన్ని కాదు. ఇప్పుడు పలికినా చుర్రున చూసేవాళ్లు లేరు.

ఆయన ఇరవై ఆరేళ్లు దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లలో ఫిజిక్సు చెప్పారు. మూడో అంతస్తులో ఆయన పాఠం మొదలుపెడితే, కింద బస్సు కోసం నిలబడ్డవాళ్లకు కూడా సగం సిలబస్ వచ్చేసేదని ఆయన స్నేహితులు ఎగతాళి చేసేవారు. అంత గొంతు. ఇంటికొచ్చాక మాత్రం ఆ గొంతుకు పని ఉండేది కాదు. ఇంట్లో డ్యూటీ నాది.

"పొద్దుట్నుంచి ఎనిమిది గంటలు నేను వాగుతాను. ఇంటికొస్తే నువ్వు వాగుతావు. నా చెవులకు సెలవెప్పుడే వేదా" అనేవారు.

"ఆదివారం."

"ఆదివారం మీ అక్క వస్తుందిగా."

ఐదేళ్ల కిందట, సుద్దముక్క చేతిలో ఉండగానే, క్లాసులో, ఆయన కుడిపక్క పడిపోయింది. దానితోపాటు మాటా పడిపోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చాక నోరు తెరిస్తే ఒక్క 'బ' తప్ప ఇంకేమీ రాలేదు. నీళ్లడిగినా 'బ', నన్ను పిలిచినా 'బ', ఏడ్చినా 'బ'.

కొన్నాళ్లు గోడ చూస్తూ పడుకున్నారు. తరవాత ఒకరోజు పొద్దున్నే నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఎడమచేత్తో మొదలుపెట్టారు పాఠం. నేను ఐదో తరగతి. అంత తక్కువ చదువున్న స్టూడెంటు ఆయనకు జీవితంలో తగిలి ఉండదు. నీళ్లంటే కాఫీ తెచ్చేదాన్ని. ఫ్యానంటే కిటికీ తెరిచేదాన్ని. తప్పు చేసినప్పుడల్లా బల్ల తుడిచేసి మళ్లీ మొదటినుంచి చెప్పేవారు. ఆయన తుడిచేస్తే నేను సరేనండీ అనేదాన్ని. పరీక్షలు కూడా పెట్టారు.

నాకు వచ్చేసింది. వచ్చాక మా ఇద్దరికీ మళ్లీ పోట్లాటలు కూడా మొదలయ్యాయి. మందులు వేసుకోనని ఆయన, వేసుకోవాలని నేను. ఆయన చెయ్యి నా నోటికన్నా జోరుగా ఆడేది. ఓడిపోతానని తోచినప్పుడు నేనొక పని చేసేదాన్ని. కళ్లు మూసుకునేదాన్ని. నేను కళ్లు మూసుకుంటే ఆయన నోరు మూసినట్టే కదా.

అలా ఎన్నిసార్లు గెలిచానో. ఇప్పుడు తలుచుకుంటే అన్నం సయించదు.

అప్పుడు ఆయన పరుపు మీద రెండుసార్లు తట్టేవారు. చప్పుడు వినబడడానికి కళ్లతో పనిలేదు కదా. వెళ్లి పక్కన కూర్చునేదాన్ని. అక్కడితో ఆ పోట్లాట సరి.

అభి పుట్టాక, మా అబ్బాయి శ్రీకర్, మృదుల ఆఫీసులకు వెళ్లిపోతే, వాణ్ని ఆయన ఎడమపక్కన పడుకోబెట్టి నేను వంటపని చూసుకునేదాన్ని. వాడు ఉయ్యాల మీద బొమ్మల్ని చూడలేదు, ఆ చేతిని చూస్తూ పెరిగాడు. తాతకూ మనవడికీ మధ్య అదేం గుసగుసలో, వంటింట్లోంచి చూస్తే రెండు చేతులు గాలిలో ఎగురుతూ కనబడేవి. ఇల్లంతా నిశ్శబ్దం. మధ్యలో ఇద్దరూ పడీ పడీ నవ్వడం.

కిందటి కార్తీకంలో ఆయన వెళ్లిపోయారు.

చుట్టాలంతా ఎవరి ఊళ్లకు వాళ్లు వెళ్లాక, ఒక మధ్యాహ్నం నేను ఆయన మంచం మీద దుప్పటి తీసి మడత పెడుతున్నాను. వెనకనుంచి పరుపు మీద రెండు చప్పుళ్లు వినబడ్డాయి.

తిరిగి చూస్తే అభి. మంచం ఆ చివర ఎక్కి కూర్చుని, ఎడమచేత్తో, అచ్చం అలాగే. నేను వెళ్లి కూర్చున్నాను. ఇంకేం చేస్తాను.

అదీ సంగతి. ఇప్పుడు చెప్పండి, ఆ పిల్లవాడికి మాటలు రావాలని నేనెందుకు తొందరపడతాను?

తొందర మృదులది. పిల్లల డాక్టరుకు చూపించింది. చెవులు బాగున్నాయి, తెలివికి లోటు లేదు, నలుగురు పిల్లల్లో పడేయండి అన్నాడాయన. మెట్రో స్తంభాలకు రెండు గల్లీల వెనక, మా ఇంటికి పది నిమిషాల నడకలో, తేజస్విని అనే అమ్మాయి తన ఇంటి కింద కారు పార్కింగులో ఇసుక పోసి, రంగురంగుల జారుడుబల్ల పెట్టి ప్లేగ్రూప్ నడుపుతోంది. పద్నాలుగు మంది పిల్లలు. అక్కడ చేరుద్దామంది మృదుల.

శ్రీకర్‌కు అంత నమ్మకం లేదు. "ఎలాగూ వచ్చే ఏడాది స్కూల్లో వేస్తాం. ఇసుకలో ఆడుకోడానికి కూడా స్కూలెందుకు? నేను నాలుగేళ్లకు గానీ మాట్లాడలేదు తెలుసా" అన్నాడు.

"తెలుసు. అప్పట్నుంచి ఇప్పటిదాకా పనికొచ్చే మాట ఇంకా రాలేదు" అంది మృదుల.

ఆ దెబ్బకు వాడు పేపరు అడ్డం పెట్టుకున్నాడు. నేను దిగాను రంగంలోకి. జలుబులు అంటుకుంటాయన్నాను. ఇంట్లో ఉన్నా అంటుకుంటున్నాయంది. పిల్లలు కొరుకుతారన్నాను. వీడికీ పళ్లున్నాయంది. చివరికి ఒప్పందం కుదిరింది. ఒక నెల చూద్దాం. నెల తిరిగేసరికి ఒక్క మాటైనా రాకపోతే మానిపించేసి, వచ్చే ఏడాది నేరుగా స్కూలుకే. అప్పటిదాకా నానమ్మ దగ్గరే.

ఒక నెల. నాకు ఆ ఒక్క ముక్క చాలు.

మొదటిరోజు నేనే తీసుకెళ్లాను. తేజస్విని పట్టుమని పాతికేళ్లు లేని పిల్ల. నన్నూ అభినీ పక్కపక్కన కూర్చోబెట్టి పావుగంట ఏమీ మాట్లాడకుండా చూసింది. ఆ పావుగంటలో వాడు నీళ్లడిగాడు, బాత్రూమడిగాడు, వేరే పిల్లాడి బంతి కావాలన్నాడు. మూడూ వాడు చెయ్యి పూర్తిగా ఎత్తకముందే నేను చేసేశాను.

అప్పుడు ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. వాడి ఆకలి, దాహం, కోపం అన్నీ నేనే ముందు కనిపెట్టేస్తున్నానట. అడిగే పనే లేనివాడు అడగడం ఎలా నేర్చుకుంటాడు అంది. ఇక్కడి పిల్లలకు వాడి చేతి సంగతి తెలీదు కాబట్టి, బంతి కావాలంటే నోరు విప్పాలి, లేదా తన వంతు వచ్చేదాకా ఆగాలి. ఆ రెండూ వస్తే స్కూల్లో వాడికి కష్టం ఉండదంది. ఇంట్లో కూడా ఒక నెల వాడి సైగలు నాకు అర్థం కానట్టు ఉండాలంది. నోటితో చిన్న శబ్దం చేసినా వెంటనే ఇచ్చేయాలట.

నేను బుద్ధిమంతురాలిలా తలూపాను. ఇంటికొచ్చి మృదులకూ అదే మాటిచ్చాను. లోపల మాత్రం ఉడికిపోయాను. అర్థం కానట్టు ఉండాలట. అర్థం చేసుకోవడానికి నాకెన్ని పరీక్షలు పెట్టారో ఈ పిల్లకేం తెలుసు? వాడికి మాటలొస్తే ఆ చెయ్యి ఆగిపోతుంది. ఆ చెయ్యి ఆగిపోతే ఆయన నాకు రెండోసారి పోతారు. ఒకసారికే నేను తట్టుకోలేకపోతున్నాను.

అప్పుడు నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. నా బుర్రలో ఏదైనా మెరిసినప్పుడు మావారు ముందుగానే బల్ల తుడిచేసేవారు. ఆ రోజు తుడిచేవారు లేకపోయారు.

ఆ ప్లేగ్రూపులో సుక్కమ్మ అని ఆయా ఉంది. అల్మాస్‌గూడ నుంచి వస్తుంది. నా ఈడుదే అయినా నన్ను పెద్దమ్మా అంటుంది. పిల్లల్ని బాత్రూముకు తీసుకెళ్లడం, తినిపించడం, ముక్కులు తుడవడం అంతా ఆవిడే. వాడి భాష సుక్కమ్మకు నేర్పేస్తే వాడికి అక్కడ ఏ ఇబ్బందీ ఉండదు, ఏడవడు. నోరు విప్పే అవసరమూ రాదు. నెల తిరిగేసరికి మాట రాలేదని వీళ్లే మానిపించేస్తారు. పిల్లవాడికి కష్టం లేదు, నాకు నష్టం లేదు.

మర్నాడు పిల్లలంతా వెళ్లిపోయాక, స్టీలు డబ్బా నిండా పప్పుచెక్కలు పట్టుకుని మెట్ల మీద సుక్కమ్మ పక్కన చేరాను. డబ్బా మూత తీసి, పాఠం మొదలుపెట్టాను.

"చెంప మీద ఇలా గీస్తే మంచినీళ్లు."

సుక్కమ్మ చెక్క నములుతూ చూసింది. "మరి దోమ కుట్టి గీక్కుంటే ఎట్ల తెలుస్తది పెద్దమ్మా?"

"దోమకైతే అడ్డంగా గీకుతాడు. నీళ్లకు నిలువుగా."

"మోకాలు కొడితే?"

"బాత్రూము."

"గా చిన్న పోరడు దినాం మోకాలు కొట్టుకుంట తిరుగుతడు, వాన్ని గూడ తీస్కపోవాల్నా?"

నాకు చిరాకేసింది. బల్ల తుడిచేశాను. ఆశ్చర్యం, ఆ ఒక్కటీ సుక్కమ్మకు ఏమీ చెప్పకుండానే అర్థమైంది. నోరు మూసుకుంది. మావారి సిలబస్‌లో అదే సులువైన పాఠం.

అన్నీ నేర్చుకున్నాక అడిగింది, ఇవన్నీ పిల్లగానికి ఎవరు నేర్పిన్రు అని. నేను రెండు ముక్కల్లో చెబుదామనుకున్నాను. నా రెండు ముక్కలు మీకు తెలుసు కదా. చెప్పి, చెప్పి, మధ్యలో ఏడ్చాను కూడా. ప్లాను సంగతి కూడా చెప్పేశాను. సుక్కమ్మ డబ్బా మూత పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, "నువ్వు ఫికర్ జెయ్యకు పెద్దమ్మా, నేను చూస్కుంట" అంది.

సుక్కమ్మకు పప్పుచెక్కల డబ్బాలు అందుతూ, రెండు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. అభి పొద్దున్నే తనే చెప్పులు తెచ్చి నా ముందు పడేసేవాడు. మధ్యాహ్నం ఇసుకతో, నవ్వుతో ఇంటికొచ్చేవాడు. ఒక్క మాట లేదు. మృదుల ముఖం రోజురోజుకూ చిన్నబోతోంది. రాత్రి భోజనాల దగ్గర వాడి నోటివంకే చూసేది. ఒకరోజు పళ్లెం ముందు కూర్చుని, "నన్ను అమ్మా అని ఎప్పుడంటాడు అత్తయ్యా" అంది. పోట్లాటకు కాదు, ఊరికే.

అంతా చెప్పేయాలనిపించింది. అయినా నోరు విప్పలేదు. మాట్లాడాల్సినచోట మాట్లాడకపోవడం అదే నా జీవితంలో మొదటిసారి.

మూడో వారంలో మొదలైంది గొడవ.

ముందు వాణి అనే అమ్మాయి కొడుకు. ఇంట్లో ఊరూరికే చెంప గీసుకుంటున్నాడట. ఎలర్జీ అనుకుని చర్మం డాక్టరుకు చూపించారు. ఆయన పూతమందు రాశాడు. మూడు రోజులు పూసింది. పిల్లవాడు పాపం దాహంతో అల్లాడిపోయాడు.

ఇంకొకరి పిల్లవాడు ఉప్మా చూడగానే గడ్డం తిప్పి కళ్లు మూసేస్తున్నాడని వాళ్ల అమ్మమ్మ దిష్టి తీసి, ఉప్పు, మిరపకాయలు పొయ్యిలో వేసింది. ఇంటిల్లిపాదీ దగ్గారు. పిల్లవాడు మాత్రం కళ్లు తెరవలేదు. ఉప్మా ఇంకా ఎదురుగానే ఉంది మరి.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ తగిలింది మా పై వాటాలో ఉండే మురళీకృష్ణకు. ఆయనకు నేను పెట్టిన పేరు మైకు. ఆయన కూతురు మూడేళ్ల పిల్ల, చిన్న మైకు. లిఫ్టులో ఒక అంతస్తు ఎక్కేలోపు వాళ్లింట్లో ఏం కూరో, ఎవరు ఎవర్ని తిట్టారో అంతా చెప్పేసేది. అలాంటి పిల్ల నాలుగు రోజులుగా నోరు మెదపడం మానేసిందట. ఏం కావాలన్నా ఎడమచెయ్యే. తల్లుల వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. మాటలు నేర్పుతారని పంపిస్తే ఉన్న మాటలు పోయాయని.

శనివారం మీటింగు పెట్టింది తేజస్విని. పిల్లల్ని వెంట తీసుకుని అందరూ రావాలంది. శ్రీకర్, మృదుల బయల్దేరారు. నాకు తలనొప్పిగా ఉందన్నాను. అభి నా చెప్పులు తెచ్చి నా ముందు పడేశాడు.

పిల్లల బుల్లి కుర్చీల్లో పెద్దవాళ్లంతా మోకాళ్లు గడ్డాలకు ఆనించుకుని కూర్చున్నారు. పిల్లలు మధ్యలో చాప మీద. కుర్చీలు అయిపోవడంతో నేను స్తంభం చాటున నిలబడ్డాను. నాకు అదే క్షేమం అనిపించింది.

మురళీకృష్ణ లేచాడు. "ఆఫీస్ నుంచి అలసిపోయి ఒస్త మేడం. బిడ్డతోని రెండు ముచ్చట్లు పెడదామని జర నోరు తెరుస్తనో లేదో, నన్ను తుడిచేస్తున్నది. ఇంట్ల నేనేమన్న బోర్డునా?"

చాప మీంచి చిన్న మైకు చెయ్యెత్తి, తండ్రివంక తాపీగా చూస్తూ, తుడిచేసింది. దాన్ని చూసి పక్క పిల్ల, ఆ పక్కవాడు, వాడి వెనకవాడు. చాప మీద పద్నాలుగు ఎడమచేతులు గాలిలో బల్ల తుడుస్తున్నాయి.

జనం గొల్లున నవ్వారు. నేను నవ్వలేదు. మా శ్రీకర్ నవ్వలేదు. వాడు బుల్లి కుర్చీలోంచి సగం లేచి అలాగే ఆగిపోయాడు. ముఖం తెల్లబోయింది. ఆ జనంలో నాకోసం వెతికి, స్తంభం చాటున దొరకబుచ్చుకుని, చాలా చిన్నగా అన్నాడు.

"అమ్మా, అది నాన్న కదా."

ఇంక దాచేదేముంది. స్తంభం చాటునుంచి బయటికొచ్చి, పప్పుచెక్కలతో సహా అంతా ఒప్పుకున్నాను. ఎవరి పిల్లల్నీ పాడుచేయాలని కాదనీ, మా పిల్లవాడు ఇబ్బంది పడకూడదనీ, అలాగని మారనూ కూడదనీ. మృదుల నావంక చూడలేదు. చేతిలో ఉన్న నీళ్ల బాటిలు మూతను తిప్పుతూ కూర్చుంది. అర్థం కానట్టు ఉంటానని మాటిచ్చారు కదా అత్తయ్యా అని మాత్రం అంది. అది తిట్టయినా బాగుండేది.

అప్పుడు సుక్కమ్మ ముందుకొచ్చింది.

"పెద్దమ్మా, నువ్వు జెప్పిన దినమే నేను మేడంకు జెప్పిన. చెక్కలు గూడ ఇద్దరం తిన్నం."

తేజస్విని నవ్వు ఆపుకుంటోంది. సుక్కమ్మ చెప్పుకుపోయింది. తాత సంగతి విన్నాక మేడం మనసు మార్చుకుని, ఆ సైగలు మంచివే, వాడికవి మాటలే, వాటిని మాన్పించవద్దని అందట. వాడు సైగ చేసినప్పుడల్లా దానికి సరిపోయే మాట సుక్కమ్మ పైకి గట్టిగా అనాలని చెప్పిందట. వాడు చెంప గీస్తే సుక్కమ్మ నీళ్లు అని, నీళ్లిచ్చేది. వాడు చాప తడితే సుక్కమ్మ దానికి తగ్గ మాట అనేది. అది చూసి మిగతా పిల్లలకు సరదా పుట్టి వాళ్లూ నేర్చేసుకున్నారు. పెద్దవాళ్లకు తెలియని మాటలు తమ దగ్గరున్నాయని పిల్లలకు గర్వం, వారం రోజుల్లో వాళ్లే మర్చిపోతారు అని తేజస్విని సర్దిచెప్పింది. బంతి కోసం కొట్టుకునేవాళ్లు ఇప్పుడు అడుగుతున్నారు, అది చూడండి అంది.

అంటే నా ఉపాయం మొదటిరోజే వాళ్ల సిలబస్‌లో కలిసిపోయిందన్నమాట. మూడు వారాలుగా నేను మోసుకెళ్లిన డబ్బాలన్నీ వాడికి మాటలు నేర్పడానికే మోసుకెళ్లాను.

నేను అందరి మధ్యా అలా నిలబడి ఉన్నాను. ఎటు చూడాలో తెలీక నేల చూస్తున్నాను. చాప మీద రెండు చప్పుళ్లు వినబడ్డాయి.

అభి. పక్కనున్న పిల్లాణ్ని కొంచెం జరిపి, ఖాళీ చేసి, ఎడమచేత్తో రెండుసార్లు తట్టాడు.

నా కాలు ముందుకు పడబోయింది. మృదుల నావంక చూసింది అప్పుడు. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఈ ఒక్కసారైనా నిలబెట్టుకుందామనుకున్నాను. అర్థం కానట్టు గోడవైపు తిరిగాను. వాడు మళ్లీ తట్టాడు. ఈసారి గట్టిగా. నేను కళ్లు మూసుకున్నాను. ఆయన్ని ఓడించడానికి మూసుకున్నట్టే. అలా మూసుకుని ఉండడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. అవతల ఆయనకు ఎంత కష్టంగా ఉండేదో కూడా.

"కూసో."

ఎవరన్నారో నాకు వెంటనే తెలియలేదు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కొంచెం బొంగురుగా, కొంచెం విసుగ్గా ఉంది. కళ్లు తెరిస్తే అభి, చెయ్యి చాప మీదే ఉంచి, నావంకే చూస్తున్నాడు.

"కూసో" అన్నాడు మళ్లీ.

మాది తెనాలి. వాడి నోటివెంట మొదటి మాట వస్తే అది మన మాటే రావాలని, తాతా అని రావాలని లోలోపల నాకో ఆశ ఉండేది. సుక్కమ్మ మాట వచ్చింది. పోనీ. ఐదేళ్లు ఆ రెండు చప్పుళ్లకు నేను వెళ్లి కూర్చున్నాను. ఆ మాటకు గొంతు ఉంటే ఎలా ఉంటుందో ఆ రోజు విన్నాను.

వెళ్లి కూర్చున్నాను. మృదుల వచ్చి అవతలి పక్కన కూర్చుంది. ఇద్దరం ఏడుస్తుంటే చిన్న మైకు మా మీద కూడా బల్ల తుడిచింది.

ఇప్పుడు వాడు ఆ ప్లేగ్రూపుకు వెళ్లడం గురించి మా ఇంట్లో వాదన లేదు. నేనే తీసుకెళతాను. తీసుకెళ్లకపోతే వాడే నన్ను లాక్కెళతాడు.

మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. మంగళవారం నీళ్లు వచ్చాయి. చెంప మీద గీత పోయింది. ఆ తరవాత వారం ఒకరోజు మృదుల ఆఫీసు నుంచి వచ్చి ఇంకా చెప్పులు విప్పనైనా లేదు, అమ్మా అన్నాడు. ఆ పిల్ల గుమ్మంలోనే కూలబడిపోయింది. నాకు సంతోషమే. ఆ సంతోషంలో నేను లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను, ఏ మాట వచ్చింది, దానికి బదులు ఏ సైగ వెళ్లిపోయింది అని. మోకాలు పోయింది. గడ్డం తిప్పడం పోయింది, ఇప్పుడు ఉప్మా వద్దని నోటితోనే అరుస్తాడు. పరుపు మీద తట్టడం కూడా పోయింది. కూసో నానమ్మా అంటున్నాడు.

చివరికి మిగిలింది ఒక్కటి. బల్ల తుడవడం.

దాన్నైనా దక్కించుకుందామని మళ్లీ ఒక ఉపాయం వేశాను. నవ్వకండి. అది తుడవాలంటే ఎవరో ఒకరు అతిగా మాట్లాడాలి. ఆ పనికి నాకన్నా తగినవాళ్లెవరు? ఇంటి దగ్గర మొదలుపెట్టి, మెట్రో స్తంభాల కిందుగా ప్లేగ్రూపు గేటుదాకా పది నిమిషాలు ఊపిరి తీసుకోకుండా మాట్లాడేదాన్ని. పెళ్లిలో మా మేనత్త అలిగిన సంగతి, గ్రైండరు రాయి జారి కాలి మీద పడిన సంగతి, ఏదైతేనేం. వాడు భరించి, భరించి, గేటు దగ్గరికి వచ్చేసరికి ఆగి, నావైపు తిరిగి, అరచెయ్యి ఎత్తి, శుభ్రంగా తుడిచేసేవాడు. నాకు ఆ పూటకు కడుపు నిండిపోయేది.

ఆరు రోజులు పారింది.

ఏడోరోజు మా మేనత్త రెండోసారి అలిగేచోటికి వచ్చాను. అప్పటికే గేటు దగ్గర చిన్న మైకు మావాడికోసం కాచుకుని ఉంది. పరిగెత్తుకొచ్చి వాడి ఎడమచెయ్యి పట్టేసుకుంది. కుడిచేతిలో నీళ్ల బాటిలు. నేను మాట్లాడుతూనే ఉన్నాను. వాడు ఆగాడు. నావైపు తిరిగాడు. ఎడమచెయ్యి కదిపి చూశాడు, ఆ పిల్ల వదల్లేదు. వాడికీ వదిలించుకోవాలని లేదు.

ఒక్క క్షణం ఆలోచించాడు. గడ్డం కొంచెం పైకెత్తాడు, తాత ఎత్తినట్టే.

"నానమ్మా, ఇగ సాలు."

అని ఆ పిల్లతో ఇసుకలోకి వెళ్లిపోయాడు.

గేటు పట్టుకుని నిలబడ్డాను. లోపల సుక్కమ్మ నావంక చూసి ఏందన్నట్టు తలెగరేసింది. నేనేం చెప్పను? నోటికి అలవాటైన మాట, ఎనిమిది నెలలుగా ఎవరితోనూ అనే పని లేక ఎక్కడో ఉండిపోయినది, నాకు తెలియకుండానే బయటికి వచ్చేసింది.

"సరేనండీ" అన్నాను.